ప్రయివేటు హైస్కూలునకు ఇంటర్నెట్టు రాయితీ: అమెరికావారి యేర్పాటు

మన సభ్యులలో పెక్కుమంది పిల్లలు ఊరి సర్కారు బడిని విడిచి, మండల కేంద్రములోనో పొరుగు పట్టణములోనో గల ప్రయివేటు హైస్కూలునకు బస్సులో పోవుచున్నారు. ఫీజు రసీదులో పుస్తకములు, బస్సు, పరీక్షలు అను పద్దుల చెంత కంప్యూటరు అను పద్దుకూడ నేడు సామాన్యమైనది. 2025 ఫిబ్రవరి 1వ తేదీని కేంద్ర ప్రభుత్వమువారు తమ బడ్జెటులో, భారత్‌నెట్ పథకము క్రింద గ్రామ ప్రాంతములందలి ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలన్నిటికిని బ్రాడ్‌బ్యాండు కల్పింతుమని ప్రకటించిరి. ఆ ప్రకటనలో ‘ప్రభుత్వ’ అను మాట స్పష్టముగ నున్నది. కావున ప్రయివేటు బడికి పిల్లవానిని పంపు రైతు, “పన్ను నేనును కట్టుచున్నాను గదా, నా బిడ్డ చదువు బడికి ఆ సాయమేల రాదు?” అని యడుగుటలో వింతలేదు. “తల్లిదండ్రులవద్ద ఫీజు వసూలు చేయు బడికి పదిమంది సొమ్మేల?” అని మఱియొక రైతు ఎదురడుగుటయు న్యాయమే.

ఈ తగవును అమెరికా సంయుక్త రాష్ట్రములవారు 1996లోనే ఎదుర్కొని, తమకు తోచిన తీర్పు నొకటి చేసికొనిరి. ఆ యేర్పాటు ఎట్లు నడచుచున్నదో, అందు మెచ్చదగినదేమో, జాగ్రత్తపడవలసినదేమో సభ్యులకు వివరముగ తెలుపుట మంచిదని తలచి ఇచట వ్రాయుచున్నాము.

1994లో ఆ దేశమందలి ప్రభుత్వ పాఠశాలలలో నూటికి 35 మాత్రమే ఇంటర్నెట్టు కలిగియుండెను. తరగతి గదుల లెక్క తీసినచో నూటికి 3 గదులకు మించి ఆ సౌకర్యము లేదు. ప్రయివేటు పాఠశాలల స్థితి ఇంకను వెనుకబడి, 1995లో నూటికి 25 బడులకే తీగె చేరియుండెను. పట్టణములలో టెలిఫోను కంపెనీలు తామే వచ్చి తీగె నిత్తుమనుచుండగా, పల్లెటూరి బడికి తీగె లాగుటకు అయ్యెడు ఖర్చు ఆ బడి యేడాది ఆదాయమును మ్రింగునదిగా నుండెను. అందువలన 1996 ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటను సంతకము చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టములో, స్నో, రాక్‌ఫెల్లరు, ఎక్సను, కెర్రీ అను నలుగురు సెనేటర్ల పూనికచే ఒక నిబంధన చేర్చబడెను. పాఠశాలలకును గ్రంథాలయములకును తక్కువ ధరకు ఈ సేవలు ఇయ్యవలెనని దాని తాత్పర్యము. ఈ రాయితీకి జనులు పెట్టిన పేరు ‘ఈ-రేటు’. 1998 నుండి ఇది అమలునకు వచ్చినది.

ఈ యేర్పాటులో మనవారు మొదట గమనింపవలసినది, సొమ్ము ఎచటినుండి వచ్చుచున్నదనుట. ఇది సర్కారు ఖజానానుండి ఏటేట బడ్జెటులో కేటాయించు సొమ్ము కాదు. టెలిఫోను కంపెనీలన్నియు, రాష్ట్రముల నడుమను విదేశములతోను జరుగు సంభాషణలపై తమకు వచ్చు ఆదాయములో కొంత వంతు ఒక నిధికి చెల్లింపవలెను. కంపెనీలు ఆ వంతును తిరిగి చందాదారుల బిల్లులో వేయుచున్నవి. అనగా చివరకు కట్టువారు ఫోను గల గృహస్థులే. ఈ నిధినుండి నాలుగు పనులకు సొమ్ము పోవును: ఖర్చెక్కువగు గ్రామ ప్రాంతములలో తీగెలు నడపు కంపెనీలకు, బీదలకు తక్కువ ధరకు ఫోను నిచ్చుటకు, పల్లెటూరి వైద్యశాలలకు, పాఠశాలలకును గ్రంథాలయములకును. నిధిపై అధికారము ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనుది. లెక్కలు చూచుటకు లాభాపేక్షలేని సంస్థ యొకటి వేఱుగ నున్నది.

ఒక మాట సహకార సంఘ సభ్యులకు ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. అమెరికాలో పల్లెలకు టెలిఫోను తెచ్చినది పెద్ద కంపెనీలు మాత్రమే కాదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో రైతులు తమ పొలముల కంచెలకు కట్టిన ముళ్లతీగెనే టెలిఫోను తీగెగా వాడుకొని ఇల్లిల్లు కలిపికొనిరి. 1949లో గ్రామ విద్యుదీకరణ చట్టము సవరింపబడి, టెలిఫోను పనికికూడ తక్కువ వడ్డీ ఋణములు దొరకినందున, రైతుల టెలిఫోను సహకార సంఘములు పెక్కు బలపడినవి. వానిలో చాలవఱకు నేటికిని నడచుచు, ఇప్పుడు గాజు పోగుల తీగె వేయుచున్నవి. ఊరి హైస్కూలు తనకు ఇంటర్నెట్టు కావలెనని ప్రకటించినప్పుడు ధర పంపువారిలో ఇట్టి సంఘముకూడ ఉండవచ్చును. అప్పుడు సంఘ సభ్యుడే అమ్మకందారు, ఆ బడిలో చదువు పిల్లవాని తండ్రియు నతడే.

ఇక ప్రయివేటు బడి సంగతి. చట్టము ప్రభుత్వ బడి, ప్రయివేటు బడి అను భేదము పెట్టలేదు. మూడు షరతులు మాత్రము పెట్టినది. బడి, ఆ దేశ చట్టము చెప్పు ప్రాథమిక లేక మాధ్యమిక పాఠశాల యైయుండవలెను. లాభము కొఱకు నడపు వ్యాపారము కారాదు. దాని మూలధన నిధి 5 కోట్ల డాలర్లకు మించరాదు. ఈ మూడవ షరతు మాకు మిక్కిలి బాగుగ తోచినది. తరతరముల ధనవంతుల దానములతో పెరిగిన నిధి వడ్డీపై బ్రదుకు బడికి పదిమంది ఫోను బిల్లులనుండి సాయము వలదని దాని భావము. చర్చిల ఆధ్వర్యమున నడచు బడులకును ఈ సాయము దొరకుచున్నది. మతమును ప్రభుత్వమును వేఱుగ నుంచవలెనని పట్టుదలగల ఆ దేశములో ఇది చిన్న సంగతి కాదు. 2000 సంవత్సరమున లూసియానా రాష్ట్రమునకు చెందిన యొక వ్యాజ్యములో, మత పాఠశాలలకు ప్రభుత్వము కంప్యూటర్లు మొదలగు సామగ్రిని ఎరువిచ్చుట చెల్లునని సుప్రీంకోర్టు 6గురు న్యాయమూర్తుల ఆధిక్యముతో తీర్పు చెప్పినది. అది ఈ రాయితీని గూర్చిన వ్యాజ్యము కాకపోయినను, వాదము మాత్రము ఈ జాతిదే.

రాయితీ ఎంత అనుటకు వారు పెట్టుకొన్న కొలత బడి పేరునుబట్టి కాక, బడిలోని బీద పిల్లల సంఖ్యనుబట్టి యున్నది. ఆ దేశములో బీద కుటుంబముల పిల్లలకు బడిలో ఉచితముగనో తక్కువ ధరకో మధ్యాహ్న భోజనము పెట్టు పథకము కలదు. ఆ భోజనమునకు అర్హులగు పిల్లలు నూటికెందఱో, రాయితీ అంతకు తగినట్లుండును. నూటికి ఒకడైనను లేని బడికి పట్టణములో నూటికి 20 వంతులు, పల్లెలో 25. ఒకరు మొదలు 19 మంది వఱకున్నచో పట్టణములో 40, పల్లెలో 50. ఇరువది మొదలు 34 వఱకు 50, 60. ముప్పదియైదు మొదలు 49 వఱకు 60, 70. సగమునకు పైబడినచో పల్లె పట్టణ భేదములేక 80. నూటికి 75గురు, అంతకు మించినచో 90. పూర్తిగ ఉచితము ఎవరికిని లేదు.

ఇచట ప్రయివేటు బడికి చిక్కొకటి వచ్చును. వానిలో చాలబడులు ఆ భోజన పథకములో చేరలేదు. చేరని బడి తన పిల్లల ఇండ్ల ఆదాయమెంతో, ఇంటిలో ఎందఱున్నారో తెలిసికొను పత్రములు పంచి లెక్క కట్టవచ్చునని నిబంధన. తమ రాబడి బయట పెట్టుట యే దేశపు గృహస్థునకును ఇష్టము కాదు. మన పరపతి సంఘములలో ఋణపు దరఖాస్తులో ఆస్తి వివరము వ్రాయవలసిన గడి వచ్చునప్పటికి కలము ఎట్లు ఆగునో కార్యదర్శులకు తెలియును. పత్రములు తిరిగి రానిచో బీద పిల్లలున్న బడికూడ తక్కువ రాయితీతో సరిపెట్టుకొనవలెను.

లెక్క సులభముగ తెలియుటకు ఒక బడిని ఊహింతము. పల్లెటూరి ప్రయివేటు హైస్కూలు. 100 మంది పిల్లలు. వారిలో 40 మంది బీదలు. ఈ బడికి రాయితీ నూటికి 70. నెలకు 1,000 డాలర్ల ఇంటర్నెట్టు బిల్లు వచ్చినచో బడి కట్టవలసినది 300; తక్కిన 700 నిధినుండి వచ్చును. తీగె బడి గుమ్మమువఱకు వచ్చినతోడనే పని తీరదు. గదిగదికి దానిని చేర్చు సామగ్రి కావలెను. దానికి వేఱు లెక్క. 2021 మొదలు 2025 వఱకు గల అయిదేండ్లకు పిల్లవానికి 167 డాలర్ల చొప్పున, చిన్న బడులకు 25,000 డాలర్లకు తగ్గకుండ, ఖర్చు పరిమితి పెట్టిరి. మన 100 మంది పిల్లల బడికి తలల లెక్కన 16,700 మాత్రమే వచ్చును గనుక, 25,000 పరిమితి వర్తించును. అందు 17,500 నిధిది, 7,500 బడిది. చిన్న బడికి ఈ కనీసపు మొత్తము పెట్టుట ఆలోచనగల పని. బడి చిన్నదైనంత మాత్రాన గోడల పొడవు, యంత్రముల ధర అదే పాళ్లలో తగ్గవు గదా.

2014కు పూర్వము ఈ లోపలి సామగ్రి విషయమున అన్యాయము జరిగెను. ఏడాదికి నిధినుండి ఇయ్యదగిన మొత్తము 225 కోట్ల డాలర్లని 1997లో గట్టు కట్టిరి. దరఖాస్తులు గట్టుకు మించి పొర్లెను. బయటి తీగెకు మొదట ఇచ్చి, మిగిలినదానిని లోపలి సామగ్రికి అతి బీద బడులనుండి ఆరంభించి పంచుచు రాగా, నడితరపు పల్లె బడుల వంతు వచ్చునప్పటికి సొమ్ము అయిపోవుచుండెను. కాలువ చివరి పొలమునకు నీరందని కథయే ఇది. 2014లో గట్టును 390 కోట్లకు పెంచి, పిల్లవానికింత అను పై పరిమితిని పెట్టి, సాధారణ టెలిఫోను మాటల ఖర్చునకు ఇచ్చు సాయమును ఏటేట తగ్గించి తీసివేసిరి.

దరఖాస్తు నడక మన సంఘముల కొనుగోలు కమిటీలు చదువదగినది. బడి ముందుగ తనకేమి కావలెనో వ్రాసి అందఱకు కనబడునట్లు ప్రకటింపవలెను. ఆ ప్రకటన 28 దినములు తెఱచి యుండవలెను. అంతవఱకు ఎవరితోను ఒప్పందము కూడదు. వచ్చిన టెండర్లను తూచునప్పుడు ఇతర గుణములను చూడవచ్చును గాని, అన్నిటికంటె ఎక్కువ మార్కులు ధరకే ఉండవలెను. అమ్మువాడు అట్టి స్థితిలోనే యున్న ఇతర ఖాతాదారునకు ఇచ్చు కనిష్ఠ ధరకంటె బడివద్ద ఎక్కువ తీసికొనరాదు. కంపెనీ మనుష్యులు బడివారికి కానుకలియ్యరాదు. ఒక్కొక్కటి 20 డాలర్లకును, ఏడాదికి మొత్తము 50 డాలర్లకును లోబడిన చిన్న వస్తువునకు మాత్రము మినహాయింపు. కాగితములన్నియు పదేండ్లు దాచవలెను. సొమ్ము రెండు విధముల రావచ్చును: కంపెనీ రాయితీ తీసివేసి బిల్లు వేసి ఆ మొత్తమును నిధినుండి పుచ్చుకొనుట యొకటి, బడి మొత్తము ముందుగ చెల్లించి తరువాత రాబట్టుకొనుట రెండవది. చేతిలో రొక్కములేని బడికి మొదటిదే శరణ్యము.

ఇన్ని కాగితముల బాధకు వెఱచి కొన్ని చిన్న ప్రయివేటు బడులు సాయమే వలదనుకొనుట కలదు. ప్రభుత్వ బడులకు జిల్లా కార్యాలయము, అందు గుమాస్తాలు ఉందురు. ముగ్గురు నలుగురు ఉపాధ్యాయులతో నడచు బడిలో ప్రధానోపాధ్యాయుడే పాఠము చెప్పి, గంట కొట్టించి, సాయంకాలము ఫారములు పూరించుకొనవలెను.

సాయముతోపాటు ఒక కట్టడియు వచ్చినది. 2000 డిసెంబరులో పిల్లల రక్షణకై చేసిన చట్టము ప్రకారము, ఈ రాయితీతో ఇంటర్నెట్టు పొందు బడి, అశ్లీల చిత్రములు తెరపైకి రాకుండ జల్లెడ వంటి సాధనము పెట్టవలెను. పిల్లలు ఏమి చూచుచున్నారో కనిపెట్టవలెను. ఈ విషయమున తన విధానము వ్రాసికొని, ముందుగ తెలియజేసి, ఒక సభలోనైనను చర్చింపవలెను. ప్రయివేటు బడియైనచో తల్లిదండ్రులు మొదలగు తనవారికి తెలిపిన చాలును. గ్రంథాలయములవారు ఈ చట్టమును ప్రతిఘటింపగా 2003లో సుప్రీంకోర్టు దానిని నిలిపెను. ప్రయివేటు బడి స్వతంత్రమునకు ఇది భంగమని కొందఱనుచుందురు. పదిమంది సొమ్ము తీసికొన్నవాడు పదిమంది అడిగిన జాగ్రత్త చూపుట భంగమని మాకు తోచదు. తల్లిదండ్రులను కూర్చుండబెట్టి మాటాడవలెనను భాగము మన బడులు సాయము లేకున్నను పాటింపదగినది.

ఇంత కట్టుదిట్టము చేసినను దొంగతనము జరిగినది. న్యూయార్కు రాష్ట్రములోని రాక్లాండు ప్రాంతమున కొన్ని ప్రయివేటు పాఠశాలల పేర బిల్లులు పెట్టి, ఇయ్యని సామగ్రికి నిధినుండి సొమ్ము లాగిరని 2018లో ఏడుగురిపై నేరారోపణ జరిగెను. 2020లో వారిలో పలువురు కోర్టులో నేరమంగీకరించిరి. అమ్మువారును, బడుల తరఫున సలహాదారులమని ఫారములు నింపినవారును ఏకమైరని అభియోగ సారాంశము. ఇందలి కీలకము ఆలోచింపుడు. నూటికి 90 రాయితీ గల బడికి బిల్లు పెద్దదైనను చిన్నదైనను తన చేతినుండి పోవునది పదవ వంతే. ఆ పదియు అమ్మువాడు లోలోపల వదలుకొన్నచో, ధర తగ్గింపవలెనను చింత కొనువానికి ఏమాత్రమును ఉండదు. అందుకే బడి తన వంతు నిజముగ కట్టవలెనని, దానిని అమ్మువాడు మాఫీ చేయరాదని నిబంధన. మన సంఘములలో సబ్సిడీ యంత్రముల విషయమున రైతు వాటా కాగితముమీద మాత్రమే కనబడునెడల ఏమి జరుగునో సభ్యులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పై వ్యాజ్యమును చూపి ప్రయివేటు బడులకు సాయమే కూడదనువారు కలరు. ప్రభుత్వ బడుల విషయమునను ఈ నిధిలో మోసములు పట్టుబడినవి గనుక, ఆ వాదము పూర్తిగ నిలువదు. అయినను, లెక్కలు చూడ జిల్లా కార్యాలయము లేని బడిలో తల్లిదండ్రులు చూడనిచో చూచువారు లేరనుట నిజమే.

నిధికిని ఇప్పుడు ఒత్తిడి తగిలినది. కంపెనీలు చెల్లింపవలసిన వంతు 2000 సంవత్సరమున నూటికి 6కు లోపుగ నుండగా, 2025లో 36కు చేరి దాటెను. కారణము విచిత్రము. వంతు వేయబడునది టెలిఫోను సంభాషణల ఆదాయముపైనే గాని ఇంటర్నెట్టు ఆదాయముపై కాదు. జనులు టెలిఫోను విడిచి ఇంటర్నెట్టునకు పోయిన కొలది, ఇంటర్నెట్టు కొఱకు పెట్టిన నిధి భారమంతయు తఱుగుచున్న టెలిఫోను బిల్లులపై పడుచున్నది. ఎండిన చెరువునుండి నిండిన చెరువునకు ఏతము వేసినట్లున్నది. ఈ వంతు అసలు పన్నువంటిదనియు, దీనిని నిర్ణయించు అధికారమును చట్టసభ ఇతరులకు అప్పగించుట రాజ్యాంగ విరుద్ధమనియు వ్యాజ్యము నడచి, 2025 జూను 27వ తేదీని సుప్రీంకోర్టు ముగ్గురు భిన్నాభిప్రాయులు కాగా, ఆర్గురి తీర్పుచే ఏర్పాటు చెల్లునని నిర్ణయించెను. అదే సంవత్సరము సెప్టెంబరులో కమిషనువారు, బడి బస్సులలో ఇంటర్నెట్టునకును, పిల్లలు ఇంటికి తీసికొనిపోవు పరికరములకును అంతకు ముందు కొలది కాలమే అనుమతించిన సాయమును రద్దు చేసిరి. రాయితీ బడి ఆవరణమునకే పరిమితమైనది. దూరపు పొలములలో నివసించు పిల్లలకు ఇది నష్టమే.

మన దేశమందును ఇట్టి నిధి కలదు. 2002 నుండి టెలిఫోను కంపెనీల సవరించిన స్థూలాదాయముపై నూటికి 5 వంతులు సార్వత్రిక సేవా నిధికి పోవుచున్నవి. 2003 టెలిగ్రాఫు సవరణ చట్టము దానికి శాసనబలమిచ్చినది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టముచే అది ‘డిజిటల్ భారత్ నిధి’ యైనది. పంచాయతీలకు గాజు తీగె వేయు భారత్‌నెట్ పనికి మూలము ఈ సొమ్మే. కాని ఇది తీగె వేయుటకు పోవు సొమ్ము. బడి నెలబిల్లులో ఇంత వంతు తీర్చెడు అమెరికా పద్ధతి ఇందు లేదు. పంచాయతీవఱకు వచ్చిన తీగెనుండి ఇంటర్నెట్టు నమ్ము సంస్థవద్ద ప్రయివేటు హైస్కూలు కనెక్షను కొనుటకు అడ్డులేదు గాని, బిల్లు పూర్తిగ దానిదే. ఆ బిల్లు ఎంతో, కంప్యూటరు పద్దు క్రింద పిల్లలవద్ద వచ్చిన మొత్తమెంతో, ఎందఱు అమ్మకందారులవద్ద ధర లడిగిరో బడి యాజమాన్యమును తల్లిదండ్రుల సభలో అడుగుటకు మాత్రము ఏ రాయితీ పథకము రావలసిన పనిలేదు. పై అమెరికా షరతులలో 28 దినముల ప్రకటన నియమము, పదేండ్ల కాగితముల నియమము ఎత్తి వ్రాసికొని సభకు తీసికొనిపోవచ్చును.